తువ్వాలు ముడి

మహేంద్రతనయ వంతెన దిగగానే నా ఈల వినబడుతుంది.
అటు పాతపట్నం, ఇటు పర్లాకిమిడి,
నడుమ తెల్ల చొక్కాలో నేను, కానిస్టేబుల్ దండాసి పాత్రో.
ఇంట్లో చీటీలు తెలుగులో రాస్తాను, రోడ్డు మీద చలానాలు ఒడియాలో.
రెంటి అక్షరాలూ గుండ్రమే,
చేతికి పెద్దగా తేడా తెలీదు.

ఆపిన ప్రతివాడూ ఆస్పత్రికే వెళుతుంటాడు.
పదహారేళ్ల నౌకరీలో ఎన్ని పురుళ్లు, ఎన్ని గుండెపోట్లు!
ఒకే మేనమామ మూడుసార్లు చచ్చిపోవడం కూడా విన్నాను.
నిరుడొకడు, పెళ్లానికి ప్రాణం మీదికొచ్చిందంటే వదిలేశాను.
సాయంత్రం కోడిమాంసం కొట్టు దగ్గర
వాడి పక్కనే నిలబడి ఆవిడ
కార్జం ఇంకాస్త వెయ్యమని దెబ్బలాడుతోంది.
కోపం రావాలి. రాలేదు.
బతికే ఉంది కదా అనుకున్నాను.

అబద్ధం చెప్పేదీ నిజం చెప్పేదీ ఒకటే మాట.
అందుకే నేను మాట వినను, కాళ్లు చూస్తాను.
అబద్ధం బూట్లకి తాళ్లు కట్టుకుని వస్తుంది.
నిజం ఒక కాలికి తన చెప్పు,
రెండో కాలికి పక్కింటివాళ్లది తొడుక్కుని వస్తుంది.

ఆ గుంటడు ఏ చెప్పూ లేకుండా వచ్చాడు.
మిట్టమధ్యాహ్నం, తారు బుడగలు లేస్తోంది.
ఏపీ ముప్ఫై బండి, వన్‌వేలో ఎదురు,
మూతి మీద ఇంకా నూగు కూడా లేదు.
ఈల వేశాను. ఆగాడు.
వాడి వయసువాళ్లు ఆగరు.
వెనక ఒక మనిషి.
ఇద్దరి నడుములూ కలిపి గళ్ల తువ్వాలు,
ఆవుని రాటకి కట్టినట్టు రెండు ముళ్లు.
మనిషి మూతి ఎడమకి జారిపోయింది,
ఎడమ కాలు రోడ్డుకి రాసుకుని
బొటనవేలు ఒరిసిపోయింది.
"ఆగ్యాఁ" అన్నాడు గుంటడు. అంతటితో వాడి ఒడియా అయిపోయింది.
"అయ్య" అన్నాడు.

లెక్కపెడితే ఐదు నేరాలు.
చలానా పుస్తకంలో 'కారణం' అనే గడి లేదు,
ఉంటే ఏ భాషలో రాయాలో.
ముడి రాలేదు. పంటితో విప్పాను.
బండి నేను పట్టాను, ఆయన్ని నా నడుముకి కట్టుకున్నాను,
గుంటణ్ణి వెనక ఎక్కించి ఒడిసి పట్టుకోమన్నాను.
ముగ్గురం. ఆరో నేరం నాది.
మెడ మీద ఆయన ఊపిరి,
తగిలి, ఆగి, మళ్లీ తగిలి.
మా నాన్న నన్నెప్పుడూ అంత దగ్గరగా పట్టుకోలేదు.
జీళ్ల కొట్టు, రథం వీధి, అడ్డొచ్చిన రిక్షా,
ఏవీ సరిగా గుర్తు లేవు.
స్ట్రెచర్ మీదికి దించాక చూసుకుంటే
భుజం మీద చొంగ, నక్షత్రం ఉండాల్సిన చోట.

"పోస్టు వదిలి పద్దెనిమిది నిమిషాలు ఎటు పోయావ్?" అన్నారు పైవాళ్లు.
'రద్దీ క్రమబద్ధం చేయుటకు' అని డైరీలో రాశాను.
నా అబద్ధానికీ బూట్లున్నాయి.

పదకొండో నాడు అదే బండి, అదే గుంటడు,
కాళ్లకి కొత్త చెప్పులు.
దూరంనుంచే నవ్వుతూ చెయ్యి ఊపాడు.
ఈల వేశాను.
"బావూ, నేను. ఆవేళ..."
"ఆవేళ నీ వెనక మనిషి ఉన్నాడు. ఇవేళ ఎవరున్నారు?"
తాళం తీసేసుకున్నాను.
వాడి నవ్వు ఒకేసారి పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది.
అదే నాకు కష్టమనిపించింది.
"ఇంట్లో పెద్దవాళ్లని పంపు, ఇస్తాను."
"పెద్దోలంటే అయ్యే. ఎడం చెయ్యి లేవట్లేదు బావూ.
నువ్వు కనిపిస్తే దండం ఎట్టానని సెప్పమన్నాడు."
ఎలా పెట్టాడో చూపించాడు:
కుడిచెయ్యి ఒక్కటీ నుదుటి దాకా.
సెల్యూట్‌లాగే ఉంది.
తిరిగి కొట్టాలో వద్దో
ఎవరూ నేర్పలేదు.

బండి తోసుకుంటూ వంతెన ఎక్కాడు.
తాళం నా జేబులో, పెన్ను పక్కన,
అడుగేసినప్పుడల్లా గలగలమంటోంది.
ఆరింటికి డ్యూటీ దిగి
అటు నడిచి వెళ్లాలి.
అటువైపు నా ఈల చెల్లదు.